5,10,511 ప్రధాన సంఖ్య కాదు, 17 దగ్గర ఆపేయడమే సమస్య

5,10,511కి మొత్తం ఎన్ని కారణాంకాలు ఉన్నాయన్న లెక్కలో మీరు 2 నుంచి 17 దాకా ప్రధాన సంఖ్యలతో భాగించి చూసి, ఏదీ పోలేదు కాబట్టి ప్రధాన సంఖ్య అనేశారు. అందుకే కారణాంకాల సంఖ్య 2 (1, ఆ సంఖ్యే) అని వచ్చింది, ఆన్సర్ కీలో 8 ఉంది. కీ కరెక్టే.

2×3×5×7×11×13×17 = 5,10,510. దానికి 1 కలిపితే ఆ ఏడింటిలో దేనితో భాగించినా శేషం 1 వస్తుంది. అంతకన్నా పెద్దవాటి గురించి అది ఏమీ చెప్పదు. వర్గమూలం 714 చిల్లర, అంటే 714 దాకా వెతకాలి.

1. 19తో పోతుంది: 19×26,869.

2. చాలామంది వదిలేసే స్టెప్ ఇదే: ఇక్కడ హద్దు మార్చుకోవాలి. ఇప్పుడు 26,869 వర్గమూలం చాలు, అది 163 చిల్లర. మళ్లీ 19 నుంచే మొదలుపెట్టండి, అదే సంఖ్య రెండోసారి పోవచ్చు. ఇక్కడ శేషం 3, పోదు.

3. 97 దగ్గర పోతుంది: 97×277.

4. 277 వర్గమూలం 17 లోపే. అక్కడిదాకా అన్నీ చూసేశారు కాబట్టి 277 ప్రధాన సంఖ్యే.

5,10,511 = 19×97×277. ఒక్కోటి ఒకేసారి ఉంది, అంటే కారణాంకంలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు లేదా వదిలేయచ్చు, రెండేసి దారులు. కాబట్టి కారణాంకాల సంఖ్య 2×2×2 = 8.