సైలెంట్ వ్యాలీకి ఒక్క రోజు చాలా?

పిల్లలతో కేరళలోని సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కుకి వెళ్తే ఒక్క రోజు సరిపోతుందా, జంతువులు కనిపిస్తాయా అని అడిగారు. రోజు సరిపోతుంది. పాలక్కాడ్‌లో రైలు దిగి, మన్నార్‌క్కాడ్ మీదుగా ముక్కాలి చేరుకోవాలి. అక్కడి నుంచి పార్కు లోపలి సైరంధ్రి వరకు 23 కిలోమీటర్లు అటవీ శాఖ అనుమతి ఉన్న జీపులో, గైడు వెంట రాగా వెళ్ళాలి. అంతకు మించి లోపలికి పర్యాటకులను పంపరు. జీపు ముందుగానే బుక్ చేసుకోండి.

పులి మీద ఆశతో మాత్రం వెళ్ళకండి. ఇంత దట్టమైన వర్షారణ్యంలో జంతువు పది అడుగుల దూరంలో ఉన్నా తెలియదు. మాకు దారిలో ఏనుగు లద్దె కనిపించింది, ఏనుగు కనిపించలేదు. కానీ సింగళీకాలు కనిపించాయి. నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ వెండి జూలు, చివర కుచ్చున్న తోక. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని కోతులివి. వెడిప్లావు చెట్టు ముళ్ళ కాయలను ఒలుచుకు తింటున్నాయి. ఇవి నేల మీదికి దిగడం అరుదు. కొమ్మ కొమ్మనూ కలుపుకుంటూ సాగే అడవి ఉంటేనే వాటికి బతుకు.

అందుకే పిల్లలకు కుంతి నది కథ చెప్పి తీసుకెళ్ళండి. సైరంధ్రి దగ్గర ఆ నదికి అడ్డంగా జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని 1970లలో నిర్ణయించారు. ప్రజల్లోకి సైన్సును తీసుకెళ్ళే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి, ఇంకా ఎందరో ఏళ్ళ తరబడి పోరాడితే, 1983లో ప్రాజెక్టు ఆగింది. 1984లో ఈ లోయను జాతీయ పార్కుగా ప్రకటించారు. కావలి బురుజు ఎక్కి చూసినప్పుడు, ఈ లోయ నీట మునిగి ఉండేదన్న ఊహకే నాకు గుండె బరువెక్కింది.

పార్కు విస్తీర్ణం 89.52 చదరపు కిలోమీటర్లే. దానికి ఆనుకుని 2007లో 148 చదరపు కిలోమీటర్ల రక్షిత మండలం (బఫర్ జోన్) ఏర్పాటు చేశారు. నా దృష్టిలో ఆ నిర్ణయం కూడా పార్కు ప్రకటనంత గొప్పది. అటు తమిళనాడులో ముకుర్తి జాతీయ పార్కు ఉంది. ఇవన్నీ నీలగిరి జీవావరణ రక్షిత ప్రాంతంలోని భాగాలే. ఏనుగులకు ఈ హద్దులు తెలియవు, వాటి దారులు వాటివి.

డిసెంబరు నుంచి మార్చి మధ్య వెళ్ళండి, వానాకాలంలో జలగలు ఎక్కువ. ఉదయం తొలి జీపులోనే బయలుదేరండి. మాకు వచ్చిన గైడు పక్కనే ఉన్న అట్టప్పాడి ప్రాంతపు ఆదివాసి, ఏ చెట్టు కాపు మీద ఉందో ఆయనకు తెలుసు. వెడిప్లావు కాసిన చోట జీపు కాసేపు ఆపమని అడగండి.