పెద్ద ఇంటర్‌కూలర్ పట్టాలంటే ముందు బంపర్ ఎంతవరకు కోయాలి?

అన్నిటికన్నా ముందు ఒక మాట. బంపర్ వెనుకనున్న ఇనుప బీము మీద ఎవరినీ రంపం పెట్టనివ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న పెట్రోల్ సెడాన్‌కు, ఆ నొక్కిన వేడి గాలిని చల్లార్చే పెద్ద ఇంటర్‌కూలర్ కొన్నారు. దాని కోర్, అంటే గాలిని చల్లార్చే రెక్కల దిమ్మ, 60 మిల్లీమీటర్ల మందం. బంపర్ బిగించబోతే కింది గ్రిల్ దగ్గర తగులుతోంది. శ్రీకాకుళంలో మీరు చూపించిన టింకరింగ్ షాపువాళ్లు బంపర్ మధ్య భాగం మొత్తం తీసేద్దామని, చాలకపోతే బీమును కూడా కొంత కోద్దామని అంటున్నారు. మొదటిదానికి తొందరపడకండి. రెండోదానికి అసలు ఒప్పుకోకండి.

బయటికి కనిపించే బంపర్ ఉత్త ప్లాస్టిక్ తొడుగు. దాని వెనుక దెబ్బను మెత్తబరచే నురుగు దిమ్మ, ఆ వెనుక బీము ఉంటాయి. బీము చాసిస్ రెండు కొనలకు బోల్టులతో బిగించి ఉంటుంది. ఒక మూల తగిలిన దెబ్బను రెండో వైపుకు కూడా పంచేది అదే. ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సర్లు చాలా కార్లలో ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ముందు భాగం ఎలా నలుగుతుందన్న లెక్క మీదే అవి పనిచేస్తాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట నడిపేవారికి వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, రోడ్డు మధ్యలో పడుకున్న పశువులు కొత్త కాదు. అలాంటి రోడ్డు మీదికి నడుము కోసిన బీముతో వెళ్లడం నేను ఊహించలేను.

ఇక తొడుగు సంగతి. నేను విజయనగరంలో ఉంటాను, మాదీ టర్బో పెట్రోలే. ఈ పని నా కారుకు దగ్గరుండి చేయించుకున్నాను, కొంత నా చేత్తోనే చేశాను. బంపర్ విప్పి దుప్పటి మీద బోర్లా పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. లోపలి వైపు నిలువు పట్టీలు, ఫాగ్ లైటు గూళ్లు, గాలిని రేడియేటరు వైపు మళ్లించే గోడలు, అడుగు కవరు పట్టుకునే పెదవి, అన్నీ లోపలికి పొడుచుకు వచ్చి ఉంటాయి. చాలా కార్లలో కోర్‌కు అడ్డం వచ్చేవి ఇవే. బయటి ముఖాన్ని కోయాల్సింది చాలా తక్కువ. నా కారుకు లోపలి పట్టీలు నాలుగు, గాలి గోడల్లో కొంత భాగం, కింది గ్రిల్ వెనుక చట్రం మాత్రమే పోయాయి. ఎదురుగా నిలబడి చూసేవారికి గ్రిల్ వెనుక వెండిరంగు కోర్ కనిపిస్తుంది తప్ప, బంపర్ కోసినట్టు తెలియదు.

ఎక్కడ తగులుతోందో ఊహతో తేల్చకండి. దీనికి నాకు బాగా పనికొచ్చింది చపాతీ పిండి. గట్టిగా కలిపి, ఉసిరికాయంత ముద్దలు చేసి, కోర్ నాలుగు మూలల్లోనూ, దాని రెండు పక్కల గాలి చేరే ట్యాంకుల మీదా, గాలి పైపుల వంపుల మీదా అంటించండి. పైన పలుచని పాలిథీన్ కాగితం కప్పితే బంపర్‌కు అంటుకోదు. మరలు బిగించకుండా బంపర్‌ను దాని స్థానంలోకి నొక్కి పట్టి, మళ్లీ మెల్లగా బయటికి తీయండి. నొక్కుకుపోయిన ముద్ద మందమే అక్కడ మీకున్న ఖాళీ. ముద్ద పూర్తిగా చితికి పొరలా మారినచోట ప్లాస్టిక్ తగులుతోందన్నమాట. ముద్ద మధ్యలో పుల్ల గుచ్చి కొలిస్తే అంకె కూడా చేతికొస్తుంది. కోర్‌కూ తొడుగుకూ మధ్య కనీసం 10 మిల్లీమీటర్లు వదలండి. పైపుల దగ్గర 20 దాకా కావాలి, ఎందుకంటే ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, దానితోపాటు పైపులూ కదులుతాయి. కారు ఆగి ఉన్నప్పుడు కొలిచిన ఖాళీ, గేరు వేసి ఒక్కసారిగా ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు అంతే ఉండదు.

విప్పేటప్పుడు జాగ్రత్తలు మీకు తెలిసే ఉంటాయి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే కనెక్టర్లు ముట్టుకోండి. సెన్సర్లు ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి కూర్చుంటుంది. బంపర్ పక్కకు లాగేటప్పుడు ఫెండర్ల అంచులకు మాస్కింగ్ టేపు అంటించండి, రెండో మనిషిని పెట్టుకోండి.

కోత దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. షెడ్డుల్లో చేతికి దగ్గరగా ఉండేది గ్రైండరు. దానితో ప్లాస్టిక్ కోస్తే తెగేదానికన్నా కరిగేది ఎక్కువ. బంపర్లకు వాడేది ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకం, అది 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కరిగిన ప్లాస్టిక్ కోత వెనకే మళ్లీ అతుక్కుంటుంది, గీత పక్కకు పోతుంది, ఆ వేడికి పైనున్న పెయింటు కూడా ఉబ్బుతుంది. నేను వాడింది చేతి హాక్సా బ్లేడు, దాని ఒక చివర గుడ్డ చుట్టుకుని. ముందు టేపు వేసి, టేపు మీద పెన్సిల్‌తో గీత గీయండి. లోపలి మూల వచ్చిన ప్రతిచోటా ఎనిమిది, పది మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కోతను ఆ రంధ్రంలో ముగించండి. మూల పదునుగా వదిలేస్తే మన రోడ్ల గతుకులకు అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది. కోత గీతకు అయిదు మిల్లీమీటర్ల ఇవతలే ఆపి, మిగిలినది ఆకురాయితో అరగదీయండి. మళ్లీ పిండి ముద్దలు పెట్టి చూడండి, మళ్లీ అరగదీయండి. విసుగు పుట్టించే పనే, కానీ ఎక్కువ కోసినదాన్ని తిరిగి అతికించలేం. చివర అంచు చుట్టూ రబ్బరు బీడింగ్ తొడిగితే కంపనం శబ్దం రాదు, కోర్ రెక్కలకు ప్లాస్టిక్ రాపిడీ తగలదు.

డబ్బు కొంచెం పెట్టగలిగితే మీ అసలు బంపర్‌ను ముట్టుకోకపోవడమే మేలు. గాజువాక ఆటోనగర్‌లాంటి చోట్ల పాత విడిభాగాల దుకాణాల్లో వెతికి, మీ మోడల్‌కు చెందిన వాడిన బంపర్ తెచ్చుకుని దాన్ని కోయండి. అసలుది అటక మీద భద్రంగా ఉంటుంది. ఎండకు ఏళ్ల తరబడి ఎండి బిరుసెక్కిన బంపర్ మాత్రం వద్దు, హాక్సా తగలగానే పగులుతుంది.

ఇప్పుడు నేను నిజంగా నొక్కి చెప్పదలచుకున్నది. కోసిన రంధ్రం ఎంత పెద్దది అన్నదానికన్నా, వచ్చిన గాలి ఎటు పోతోంది అన్నది ముఖ్యం. గాలి తేలిక దారి వెతుక్కుంటుంది. కోర్ చుట్టూ సందులుంటే కోర్ గుండా కాకుండా పక్కనుంచి జారిపోతుంది. పైన చెప్పిన గాలి గోడలను కోసేశాక వాటి పని చేసేది మరొకటి అక్కడ ఉండాలి. పలుచని అల్యూమినియం రేకును వంచి, బంపర్ లోపలి అంచు నుంచి కోర్ అంచుదాకా నాలుగు వైపులా గొట్టంలా కట్టించండి. మిగిలిన సందుల్లో నురుగు పట్టీ అంటించండి. రేడియేటరుకూ ఏసీ కండెన్సర్‌కూ వెళ్లే దారి కూడా ఇలాగే మూసి ఉండాలి. ముందు ఇంకో కోర్ వచ్చి నిలబడింది కాబట్టి వాటికి అందే గాలి ఎలాగూ తగ్గుతుంది, చేరేది కూడా కొంత వేడెక్కిన గాలే. మే నెల మధ్యాహ్నం మా ఊరి గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఏసీ నీరసించేది ఈ కారణంగానే. ఫ్యాను బాగా తిరుగుతోందో లేదో ఈ పనితోపాటే చూపించుకోండి.

ఇంత శ్రమకు ఫలితం ఎక్కడ కనిపిస్తుందంటే ఘాట్ మీద. 35 డిగ్రీల గాలిని టర్బో ఒక బార్ అదనపు పీడనానికి నొక్కితే, మామూలు సామర్థ్యం ఉన్న టర్బోలో ఆ గాలి 130 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. దాన్ని చల్లార్చడమే ఇంటర్‌కూలర్ పని. విజయనగరం నుంచి విశాఖ వెళ్లే రోడ్డు మీద కంపెనీ ఇచ్చిన చిన్న కోర్‌కూ దీనికీ నాకు తేడా తెలియలేదు. సాలూరు దాటి సుంకి వైపు ఎక్కేటప్పుడు తెలిసింది. తక్కువ వేగం, ఎక్కువ బూస్టు (టర్బో ఇచ్చే అదనపు పీడనం), ఆగకుండా ఎక్కుడు. పాత కోర్ అక్కడ వేడిని మింగి మింగి ఇక చాలనేది. కారు కంప్యూటరులోని అంకెలు చదివే ఓబీడీ స్కానరును ఫోనుకు కలిపి చూసేవాడిని. పాతదానితో ఘాట్ సగంలోనే 70 డిగ్రీలు దాటిన, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, కొత్తదానితో, అదీ రేకు గోడలు కట్టాక, 50 దగ్గరే నిలిచింది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) ట్యూనింగ్ చేయించకుండా కొత్త శక్తి పుట్టుకొస్తుందని ఆశపడకండి. ఉన్న శక్తి ఎండలో జారిపోకుండా ఉంటుంది. నాకు అది చాలు.

కోర్‌ను పట్టుకునే బ్రాకెట్లు సాలూరులోనే చేయించాను. లారీ బాడీలు కట్టే చేతులకు యాంగిల్ వంచడం, వెల్డింగు పెట్టడం వెన్నతో పెట్టిన విద్య. బ్రాకెట్‌కూ కోర్‌కూ మధ్య రబ్బరు బుష్ తప్పకుండా వేయించండి, లేకపోతే వెల్డింగు దగ్గర అల్యూమినియం పగులుతుంది. హారన్‌కు వేరే చోటు చూడాల్సి వస్తుంది, దాన్ని గాలికి అడ్డంగా పెట్టకండి. టో హుక్ రంధ్రం మూసుకుపోకుండా చూడండి. నంబరు ప్లేటు ముందు స్పష్టంగా కనిపించేచోటే ఉండాలి. అన్నీ బిగించాక, బంపర్ ఎక్కించేముందు, పైపులకు తక్కువ పీడనంతో గాలి పట్టించి కీళ్ల మీద సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. బంపర్ ఎక్కాక ఆ కీళ్లు చేతికందవు.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనంలో మార్పుల గురించే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కోతకు ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము దగ్గర అడ్డం తిరుగుతుంది.

చివరగా మీ 60 మిల్లీమీటర్ల కోర్. బీము ముందు అంచు నుంచి గ్రిల్ వెనుక వైపుకు ఎంత దూరముందో కొలవండి. కోర్ మందం, ఆ పైన 10 మిల్లీమీటర్ల ఖాళీ, రెండూ కలిపి పట్టకపోతే కోయడం మానేసి కోర్ మార్చండి. మందం పెంచినకొద్దీ వెనుక వరుసలకు అందేది ముందు వరుసల్లో వేడెక్కిన గాలే. అదే పరిమాణాన్ని పలుచగా, వెడల్పుగా పరిస్తే ఎక్కువ చోట తాజా గాలి తగులుతుంది. పెట్టి చూశారే తప్ప ఇంకా పూర్తిగా బిగించలేదు కాబట్టి, అమ్మినవాళ్లు 40 మిల్లీమీటర్లది మార్చి ఇస్తారేమో ఈ వారమే అడగండి. కొలతలు ఇక్కడ రాస్తే ఏ పట్టీ కోయాలో, ఏది వదిలేయాలో చూసి చెబుతాను.