కోడ్ రాయకముందే ఆగిపోయిన ప్రాజెక్ట్

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. రియాక్ట్ (వెబ్‌పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకుందామని పాత వీడియో కోర్సు చూసి, రియాక్ట్ ప్రాజెక్ట్‌ను సిద్ధం చేసిచ్చే ‘క్రియేట్ రియాక్ట్ యాప్’తో ప్రాజెక్ట్ మొదలుపెట్టాను. వల్నరబిలిటీస్ (భద్రతా లోపాలు) ఉన్నాయని వస్తే, టెర్మినల్ చెప్పినట్టే ‘ఎన్‌పీఎం ఆడిట్ ఫిక్స్ ఫోర్స్’ కమాండ్ ఇచ్చాను. ఇప్పుడు యాప్ తెరుచుకోవడమే లేదు. వెబ్‌ప్యాక్, బేబెల్, వీట్ అన్నీ నేర్చుకుంటే గానీ రియాక్ట్ రాదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు యాప్ సంగతి చూద్దాం. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్ తెరిచి, ‘రియాక్ట్-స్క్రిప్ట్స్’ పక్కన ఏ వెర్షన్ ఉందో చూడండి. 0.0.0 అని ఉంటే కారణం దొరికినట్టే. ఫోర్స్ అనగానే, ప్యాకేజీలు (ఇతరులు రాసిపెట్టిన కోడ్) తెచ్చిపెట్టే ఎన్‌పీఎం ఆ హెచ్చరికలు రాని వెర్షన్ కోసం వెతికి, ఏ పనీ చేయని ఖాళీ వెర్షన్ తెచ్చి పెడుతుంది. దాన్ని 5.0.1గా మార్చి, మళ్లీ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ చేయండి.

హెచ్చరికలు తిరిగి వస్తాయి, కంగారు పడకండి. అందులో చాలావరకు మీ కంప్యూటర్‌లో బిల్డ్ (మీ కోడ్‌ను సైట్‌గా తయారుచేయడం) అయ్యేటప్పుడు మాత్రమే నడిచే ప్యాకేజీలవి. సైట్ చూసేవాళ్ల దాకా అవి వెళ్లవు. ఆ తేడా చెప్పకుండా కొత్తవాళ్ల చేతికి ఫోర్స్ కమాండ్ ఇవ్వడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇన్ని టూల్స్ ఎందుకంటారా? 2015లో జావాస్క్రిప్ట్‌కు కొత్త రూపం వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది అర్థమయ్యేది కాదు. అందుకని కొత్త కోడ్‌ను పాత కోడ్‌గా మార్చడానికి బేబెల్ వాడారు. వందల ఫైళ్లను కలిపి కొన్నిటిగా చేయడానికి వెబ్‌ప్యాక్. చిన్న చిన్న పనులకు కూడా ఇతరుల ప్యాకేజీలు తెచ్చుకోవడం అలవాటైంది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే, బేబెల్‌తో సహా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్ ఆగిపోయింది.

ఎక్స్‌ప్లోరర్ 2022లో వెళ్లిపోయింది. ఇప్పటి బ్రౌజర్లు మాడ్యూల్స్‌ను (ఒకదాన్నొకటి పిలుచుకునే విడివిడి కోడ్ ఫైళ్లను) నేరుగా చదువుతాయి. 2020లో వచ్చిన వీట్ అనే టూల్ దీన్నే ఆసరా చేసుకుంది. డెవలప్‌మెంట్‌లో మీ కోడ్ మొత్తాన్ని ముందే మూట కట్టకుండా, బ్రౌజర్ అడిగిన ఫైల్‌ను అడిగినప్పుడే ఇస్తుంది. క్రియేట్ రియాక్ట్ యాప్‌ను మాత్రం 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే పక్కన పెట్టింది. మీ కోర్సు అంతకుముందుది, తప్పు మీది కాదు.

కాబట్టి వెబ్‌ప్యాక్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. కొన్నాళ్లు ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్, ఒక స్క్రిప్ట్ ఫైల్ పెట్టుకుని బటన్లు, ఫారాలు, ఫెచ్ (సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం) మీద చేయి తిరగనివ్వండి. ఆ తర్వాత ‘ఎన్‌పీఎం క్రియేట్ వీట్’ ఇచ్చి రియాక్ట్ ఎంచుకోండి. రియాక్ట్ పాఠాలు మీ పాత కోర్సులోవే చాలావరకు పనికొస్తాయి, మొదలుపెట్టే కమాండ్ మాత్రమే వేరు.

ప్రశ్న: సగం రాసిన ప్రాజెక్ట్‌ను వీట్‌కి మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోవచ్చు. ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్‌ను పబ్లిక్ ఫోల్డర్ నుంచి బయటికి, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి తెచ్చి, మీ మొదటి జావాస్క్రిప్ట్ ఫైల్‌ను అందులో మాడ్యూల్ స్క్రిప్ట్‌గా కలపండి. జేఎస్‌ఎక్స్ (జావాస్క్రిప్ట్‌లోనే హెచ్‌టీఎంఎల్‌లా రాసే కోడ్) ఉన్న ఫైళ్ల పేర్ల చివర జేఎస్‌ను జేఎస్‌ఎక్స్‌గా మార్చండి. ‘రియాక్ట్_యాప్_’తో మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ (సెట్టింగుల) పేర్లు ‘వీట్_’తో మొదలవ్వాలి. యాప్ 3000 పోర్ట్‌లో కాకుండా 5173లో తెరుచుకుంటుంది, పాత అడ్రస్‌లో వెతక్కండి.