ఆపరేషన్‌కి ముందు వంటిల్లు సర్దుకో

చి.ల.సౌ. మాధవికి, అత్తయ్య దీవెనలు.

నీ బరువు తగ్గించే ఆపరేషన్ సంగతి వదిన ఫోన్లో చెప్పింది. ఎవరికీ తెలియకూడదన్నావట. ఊరందరికీ చెప్పమని నేనూ అనను. కానీ నీతో ఒకే ఇంట్లో ఉంటూ నీకు వండిపెట్టేవాళ్లకి మటుకు మొత్తం తెలియాలి. పొట్ట సంగతి సర్జన్ గంటన్నరో రెండు గంటలో చూసేస్తాడు. మిగతాదంతా మన వంటింట్లో, భోజనాల దగ్గర, పెళ్లి బంతుల్లో తేలాల్సిందే. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలపాటు నీకు ఎవరితోనూ వాదించే ఓపిక ఉండదు. అందుకని చెప్పాల్సినవీ సర్దాల్సినవీ ముందే కానిచ్చెయ్యి.

నాకు చేసింది స్లీవ్. నీకూ అదే అనుకుంటున్నారట కదా. పొట్టలో ముప్పాతిక వంతుకి పైగా కోసి తీసేస్తారు, మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే, అందుకే మొదట్లో ఆకలే తెలియదు. తీసేసింది మళ్లీ పెట్టేది కాదు, అది గుర్తుంచుకుని సంతకం పెట్టు. నీకు కాలేజీ రోజుల నుంచీ గుండెల్లో మంట ఉంది. ఆ మాట సర్జన్‌తో అన్నావా? స్లీవ్ తర్వాత కొందరికి ఆ మంట పెరుగుతుంది, అలాంటివాళ్లకి బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) మేలని చెబుతారు. ఎండోస్కోపీ చేశాక, నా పొట్టకి ఏది సరిపోతుంది, ఎందుకు అని మొహమాటం లేకుండా అడుగు. ఈ మధ్య వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటూ ఉంటే మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. వాటివల్ల పొట్ట నిదానంగా ఖాళీ అవుతుంది, మత్తు ఇచ్చేటప్పుడు అది ముఖ్యమైన సంగతి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా చెప్పు. రక్తం గడ్డకట్టే భయం ఉంటుందని కొన్ని వారాల ముందే ఆపిస్తారు.

పరీక్షలు చాలా రాస్తారు. అన్నీ చేయించుకో. గురక పరీక్ష ఒక్కటి మటుకు 'ఎందుకులే' అని వదిలెయ్యకు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే ముందు కొన్నాళ్లు మాస్కు మిషన్ పెట్టుకుని పడుకోమంటారు, ఆపరేషన్ రాత్రి అది నీకు రక్ష. పైగా ఆ రిపోర్టు ఇన్సూరెన్సుకీ పనికొస్తుంది. 2019లో ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్సు కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ, పెట్టిన నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 40, లేదా 35 ఉండి దానికి తోడు అదుపులో లేని షుగరో, గుండె జబ్బో, తీవ్రమైన నిద్ర జబ్బో ఉంటే, మామూలు పద్ధతుల్లో తగ్గలేదని తేలితే, బరువు ఆపరేషన్ అన్న ఒక్క కారణంతో పాలసీ దీన్ని కాదనకూడదు. నీ బీఎంఐ 38 అన్నారు. అంటే కాగితాల మీదే ఆధారపడి ఉన్నావన్నమాట. ఇదివరకు డైటీషియన్ దగ్గరికి వెళ్లిన చీటీలు, షుగర్ రిపోర్టులు, మందుల బిల్లులు తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టు. 'అందం కోసం' అన్న మాట ఏ కాగితంలోనూ రాకుండా చూసుకో. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన కాలం) అయిందో లేదో మీ ఆయన్ని, అదే మన అబ్బాయిని, చూడమను.

ఇక ఆపరేషన్ ముందు రెండు వారాల పథ్యం. చాలామంది దీన్ని క్రమశిక్షణ పరీక్ష అనుకుంటారు. కాదు. లివర్ ఎడమ భాగం పొట్ట మీదికి వచ్చి ఉంటుంది. కొవ్వు పట్టిన లివర్‌ని పక్కకి ఎత్తి పట్టుకుంటే తప్ప సర్జన్‌కి పొట్ట కనపడదు. అన్నం, తీపి తగ్గించి ప్రొటీన్ మీద ఉంటే రెండు వారాల్లోనే లివర్ కాస్త కుంచించుకుపోతుంది, పని సులువవుతుంది. 'ఇకమీద ఎలాగూ తినలేం' అంటూ సరిగ్గా ఆ రోజుల్లోనే హోటళ్ల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. అది సర్జన్ చేతికి నువ్వు అడ్డం పడటమే. ఇంకోటి, తిండి తగ్గగానే షుగర్ కూడా పడిపోతుంది. రోజూ వేసుకునే మాత్ర అంతే వేసుకుంటే కళ్లు తిరుగుతాయి. డోసు ఎంత తగ్గించాలో ఆ పథ్యం మొదలుపెట్టే ముందే డాక్టర్ని అడిగి రాయించుకో.

ఆ రెండు వారాల్లోనే ఇంకో అలవాటు మొదలుపెట్టు. మన ఇళ్లలో కంచం పక్కన మంచినీళ్ల గ్లాసు లేనిదే అన్నం పెట్టరు. ఇకనుంచి ఆ గ్లాసు బల్ల మీద ఉండకూడదు. తినడానికీ తాగడానికీ మధ్య అరగంట ఎడం. ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టెయ్యాలి, మెత్తగా నలిగాకే మింగాలి. వినడానికి చిన్నదే. చేసి చూడు, మొదటి నాలుగు రోజులూ ఒళ్లు మండుతుంది.

వంటింటికి కావలసినవి: ఒక చిన్న తూకం మిషన్, టీ వడపోతకన్నా సన్నటి జాలి, రెండు చిన్న గిన్నెలు, పిల్లల చెంచాలు, మిక్సీకి చట్నీ జార్. ప్రొటీన్ పొడి మటుకు కిలో డబ్బా కొనకు. ఆపరేషన్ తర్వాత నాలుక రుచే మారిపోతుంది. ముందు బాగుందన్న వెనిల్లా తర్వాత వాసన చూస్తేనే కడుపులో తిప్పుతుంది. నాలుగైదు రకాల చిన్న ప్యాకెట్లు తెచ్చి పెట్టుకో.

ఆసుపత్రి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, వాళ్లే చూసుకుంటారు. నాలుగైదు చిన్న గాట్లు, అంతే. మెలకువ రాగానే భుజం నొప్పి పుడితే గుండె అనుకుని హడలిపోకు. కడుపు ఉబ్బించడానికి పంపిన గ్యాస్ వల్ల చాలామందికి వస్తుంది, నడుస్తుంటే సర్దుకుంటుంది. అయినా నర్సుతో ఒకమాట చెప్పు. ఆ సాయంత్రమే లేపి నడిపిస్తారు, ఏడుపొచ్చినా నడువు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే మేజోళ్లు, పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్‌తో పాటు ఈ నడక కూడా కావాలి. మూడు బంతుల గొట్టం ఒకటిచ్చి ఊపిరి లోపలికి పీల్చమంటారు. టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా పీలుస్తూ ఉండు.

ఇంటికొచ్చాక భయపడాల్సినవేవో అబ్బాయికీ మీ అత్తగారికీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఊరికే పడుకుని ఉన్నా నాడి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, తగ్గాల్సిన కడుపునొప్పి పెరగడం, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం, మంచినీళ్లు కూడా లోపల నిలవకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికో, గ్యాస్ మాత్ర దగ్గరికో వెళ్లొద్దు. లోపల పొట్టకి వేసిన కుట్టు దగ్గర కారుతోందేమో చూడాల్సింది ఆపరేషన్ చేసినవాళ్లే. వాళ్ల రాత్రి నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. నొప్పి మాత్రల విషయంలోనూ జాగ్రత్త. మెడికల్ షాపువాడు నడుంనొప్పికి అలవాటుగా ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఆ సన్నటి పొట్టలో పుండు పెడతాయి. పారాసెటమాల్ చాలు.

అసలు పని తిండి దగ్గర మొదలవుతుంది. ఆసుపత్రిలో ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తారు, దగ్గు మందుకి వాడే 30 మిల్లీలీటర్ల కప్పు. దాంట్లో నీళ్లు పోసుకుని పావుగంటసేపు తాగాలి. గుక్కలా కాదు, పెదవి తడిసేలా. ఒక్కసారి గటగటా తాగితే ఛాతీ మధ్య ఎవరో పిడికిలితో నొక్కినట్టుంటుంది, ఇక జన్మలో అలా తాగవు. ఆ లెక్కన మెల్లగా పెంచుకుంటూ రోజుకి లీటరున్నరకి చేరాలి. దాహం వేసేదాకా ఆగితే సాయంత్రానికి తలనొప్పి ఖాయం.

మొదటి రెండు వారాలూ పల్చటివే. మా ఇంట్లో పెసరకట్టు చేసేవారు. పెసరపప్పు మెత్తగా ఉడికించి, మిక్సీ పట్టి, జాలిలో రెండుసార్లు వడకట్టి, ఉప్పు, ఇంగువ, చిటికెడు జీలకర్ర పొడి. మిరపకాయ వద్దు, తాలింపులో ఆవగింజ కూడా వద్దు. ఇది కాక పల్చటి మజ్జిగ, చికెన్ ఉడికించిన నీరు, పాలల్లో ప్రొటీన్ పొడి. తర్వాత రెండు వారాలు మెదిపినవి: పప్పు, పన్నీరు, మెత్తటి గుడ్డు పొరటు, ముల్లు లేని చేప. అటుపైన మెత్తగా వండినవి. మీ డైటీషియన్ కాగితంలో ఒక వారం అటూ ఇటూగా ఉండొచ్చు, నా మాట కాదు, ఆ కాగితమే లెక్క. అన్నం గురించి అడుగుతావని తెలుసు. కొన్నాళ్లు ఆగు. మెతుకులు లోపల ఉబ్బుతాయి, ఇడ్లీ వెళ్లినంత సులువుగా అన్నం వెళ్లదు. ఆవకాయా అంతే. అది వచ్చే వేసవికి ఉంటుంది, ఎక్కడికీ పోదు.

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినమంటారు. మన తిండిలో ఇది కష్టం. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలల్లో అంతకి కాస్త ఎక్కువ, వంద గ్రాముల పన్నీరులో 18 దాకా, వండిన కోడిమాంసంలో 25 పైన. పప్పు బాగానే తింటున్నాం అనుకుంటాం కానీ కంచంలో ఉండేది రెండు గరిటెలు, అందులో సగం నీళ్లు. కాబట్టి వరస మార్చాలి. ముందు గుడ్డో పన్నీరో చికెనో, తర్వాత కూర, చోటుంటే చివర్లో రెండు ముద్దల అన్నం. కంచం మధ్యలో అన్నం పెట్టుకోవడం అలవాటైన ఇంట్లో ఇది తలకిందుల భోజనం. మీ అత్తగారికి ముందే చెప్పాలన్నది ఇందుకే. 'ఇంకో ముద్ద' అని ఆవిడ ప్రేమగా వడ్డించే ముద్దే నిన్ను సింకు దగ్గరికి పరిగెత్తిస్తుంది. పొట్ట నిండిందని ఒంట్లోంచి ఒక సూచన వస్తుంది. కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి తుమ్ము, నాకైతే ఒక ఎక్కిలి. నీదేదో కనిపెట్టు, అది రాగానే చెయ్యి కడిగెయ్యి.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిన్, బీ12, డీ, కాల్షియం, ఐరన్. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్న వెంటనే కాఫీ తాగకు. రాళ్లు పడకుండా పిత్తాశయానికి ఆరు నెలలు ఇంకో మాత్ర ఇవ్వొచ్చు. ఒక్క విషయం గట్టిగా పట్టుకో: రోజుల తరబడి వాంతులవుతుంటే బీ1 విటమిన్ అడుగంటుతుంది, కాళ్లు తిమ్మిరెక్కి తూలతాయి, చూపు చెదురుతుంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా 'బరువు ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ సెలైన్ పెట్టేముందు బీ1 ఇవ్వండి' అని అబ్బాయి చెప్పగలగాలి. బాగానే ఉన్నాను కదా అని రక్తపరీక్షలు మానెయ్యకు. మొదటి ఏడాది మూడు నాలుగుసార్లు, ఆ తర్వాత ఏడాదికోసారి.

జుట్టు ఊడుతుంది. మూడో నెల దాటాక దువ్వెన నిండా వస్తుంది, తిరుపతిలో ఇచ్చొచ్చావా అని అడిగేవాళ్లు కూడా ఉంటారు. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్లీ వస్తుంది. నూనెల మీద డబ్బు తగలెయ్యకు. మూడో వారం దగ్గర బరువు ముల్లు కదలకుండా నిలబడిపోతే ఏడవకు, చాలామందికి అలాగే ఆగి మళ్లీ దిగుతుంది. వారానికోసారి చూసుకుంటే చాలు. దాదాపు ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గుతుంది, ఆ తర్వాత కాస్త తిరిగొస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. ఆకలి మళ్లీ పలకరిస్తుంది. చికెన్ ముక్క ఆగుతుంది కానీ ఐస్‌క్రీం, పూతరేకులు, జ్యూసు, టీవీ ముందు కూర్చుని నమిలే చేగోడీలు ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. చిన్న పొట్ట వాటిని ఆపలేదు. అందుకని అవి ఇంట్లోకే రాకూడదు, పిల్లల పేరు చెప్పి కూడా.

మీ అత్తగారు మనవడి మాట ఎత్తితే ఏడాదిన్నర ఆగాలని డాక్టర్ చేతే చెప్పించు. బరువు తగ్గేకొద్దీ నెలసరి దారిలో పడి, అనుకోకుండా నెల తప్పినవాళ్లున్నారు. నీకు నెలసరి తప్పే పీసీఓడీ ఉంది కాబట్టి కడుపు ఎలాగూ రాదులే అనుకోకు. ఏ జాగ్రత్త వాడాలో డిశ్చార్జి రోజే గైనకాలజిస్టుని అడుగు.

పెళ్లిళ్లలో ఏం చెప్పాలి అని నీ బెంగ. 'పొట్ట ఆపరేషన్ అయిందండీ, కొంచెమే తినమన్నారు' అంటే అబద్ధమూ కాదు, అంతకన్నా ఎవరూ అడగరు. విస్తరి ముందు కూర్చోకు. బఫేలో చిన్న ప్లేటు పట్టుకుని తిరుగుతూ ఉంటే ఎవరి కళ్లూ నీ మీద పడవు. రాత్రిపూట దిగులుగా అనిపించి, తినలేకపోతున్నానే అని ఏడుపొస్తే అది కూడా మామూలే. అది పోకపోతే మటుకు డాక్టర్‌కి చెప్పాలి, మనసు డాక్టర్ దగ్గరికి పంపితే వెళ్లాలి.

ఆఫీసుకి మూడు వారాలు సెలవు పెట్టు. నెలన్నర దాకా నీళ్ల బిందె, బియ్యం బస్తా, సిలిండర్ ముట్టుకోవద్దు. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, డిశ్చార్జి రోజుకి నేనక్కడుంటాను. రెండు వారాల పెసరకట్టు పని నాది. మీ మిక్సీ చట్నీ జార్‌లో వాషర్ పోయిందని వదిన అంటోంది, నేను వచ్చేలోగా అది మార్పించు.

మీ మేనత్త