సుధా, ఆ 26వ సెక్షన్ నింపే ముందు

చి. సుధకు మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే పక్క గదిలో అల్లుడు ఉన్నాడని అర్థమైంది. అందుకే ఎక్కువ అడగలేదు. నేను చెప్పాలనుకున్నవి ఇలా రాస్తే నింపాదిగా చదువుకుంటావు కదా అనిపించింది.

పోయిన ఏడాది అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, ఇప్పుడు డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఆఫర్ వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి, వస్తేనే ఉద్యోగం అన్నారు. నీ భయమంతా ఎస్‌ఎఫ్-86 ఫారంలో, అంటే ఆ క్లియరెన్స్ కోసం నింపే దరఖాస్తులో, అప్పుల గురించి అడిగే 26వ సెక్షన్ దగ్గరే ఉంది. నేను ఆ గుమ్మం దాటి వచ్చినవాణ్నే కాబట్టి చెబుతున్నాను. అప్పు ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ ఆపరు. ఇన్ని డాలర్లు దాటితే ఇవ్వం అనే లెక్క ఎక్కడా లేదు. ఇంటి లోను, కారు లోను నెలనెలా కట్టుకునేవాళ్లే ఆ ఆఫీసుల నిండా ఉన్నారు. వాళ్లు వెతికేది కట్టకుండా వదిలేసిన బాకీల కోసం, వాటిని దాచావా అన్న దాని కోసం.

ఎందుకింత పట్టింపు అంటే, ఆల్డ్రిచ్ ఏమ్స్ సంగతి నీకు తెలుసో లేదో. సీఐఏలో పనిచేసేవాడు. విడాకుల ఖర్చులతో అప్పుల్లో కూరుకుపోయి 1985లో వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీకి రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు, మొదటి బేరం 50,000 డాలర్లు. తర్వాత మన వర్జీనియా ఆర్లింగ్టన్‌లోనే 5,40,000 డాలర్లు పెట్టి రొక్కానికి ఇల్లు కొన్నాడు. పట్టుబడింది 1994లో. అందుకే అప్పు పెరిగినా అడుగుతారు, పెద్ద అప్పు ఉన్నట్టుండి మాయమైనా అడుగుతారు. మీ నాన్న తెనాలి నుంచి డబ్బు పంపి నీ కార్డులు తీర్చేస్తానంటే వద్దనను. కానీ ఆ డబ్బు ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకు వచ్చిందో ఆ కాగితాలు భద్రంగా పెట్టుకో.

2006లో యాష్‌బర్న్‌లో టౌన్‌హౌస్ కొన్నాను కదా, ఉద్యోగం పోయాక ఆ ఇల్లు నిలబెట్టుకోవడానికి కార్డులు గీకాను. 27,000 డాలర్లు అయింది. తర్వాత కొత్త ఉద్యోగానికి క్లియరెన్స్ అడిగినప్పుడు ఇన్వెస్టిగేటర్ మా ఇంటికే వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద ఫైలు పెట్టుకుని ఒక్కో బాకీ అడుగుతోంది. అన్నిటికీ గడగడా చెప్పాను. చివర్లో మామూలుగా అడిగినట్టు, "ఈ అప్పులు మీ ఆవిడకు తెలుసా?" అంది. మీ అత్తయ్య అవతల వంటింట్లో టీ పెడుతోంది. "సగం తెలుసు" అన్నాను. ఆమె ఆ మాట రాసుకుంది. ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచిన అప్పే బయటివాడికి పట్టు దొరికే చోటు. ఆ రాత్రి మిగతా సగం కూడా చెప్పాను. నాలుగు రోజులు మాట్లాడలేదనుకో, అది వేరే కథ. నువ్వు మటుకు ఇంటర్వ్యూ దాకా ఆగకు, అల్లుడితో ఈ వారంలోనే మాట్లాడు.

నాకు క్లియరెన్స్ వెంటనే ఇవ్వలేదు. స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అని, ఎందుకు ఇవ్వలేకపోతున్నారో కారణాలు చెప్పే ఒక కాగితం వచ్చింది. 1.ఎ, 1.బి, 1.సి అంటూ బాకీలన్నీ వరసగా. జవాబు ఇవ్వడానికి 20 రోజులే టైము. హియరింగ్ అడిగాను. పెద్ద కార్డుల గురించి జడ్జి ఎక్కువ అడగలేదు, నెలకు 300 కడుతున్న రసీదులు పద్దెనిమిది చూపించాను. పట్టుకున్నది 212 డాలర్ల ఆస్పత్రి బిల్లు. అది నాది కాదని వాదించి, వాదించినట్టు ఒక్క ఉత్తరం కూడా లేకుండా వదిలేశాను. "ఇంత జీతం వస్తూ ఇది రెండేళ్లు ఎందుకు ఉంది?" అంటే నా దగ్గర జవాబు లేదు. చివరికి ఇచ్చారు, కానీ ఆ 212 డాలర్లు నన్ను పెట్టిన టెన్షన్ ఆ 27,000 పెట్టలేదు.

ఇక నీ సంగతి. లేఆఫ్ అయ్యాక రెండు కార్డులు ఆగాయి, ఒకటి కలెక్షన్స్‌కు, అంటే బాకీలు వసూలు చేసే కంపెనీకి, వెళ్లింది. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు లాంటి చేతిలో లేని కారణాలను వాళ్ల నిబంధనలే ఒప్పుకుంటాయి. కాకపోతే ఆ కష్టంలో నువ్వు ఏం చేశావన్నది కూడా చూస్తారు. బ్యాంకుకు ఫోన్ చేశావా, నెలకు 50 అయినా కట్టావా? ఇంతవరకు చేయకపోతే ఫారం పంపకముందే మొదలుపెట్టు. ఆఫర్ వచ్చాక కట్టినా కొంత మేలే, ముందే మొదలుపెడితే ఇంకా మేలు.

మీ ఫ్రెండు చెప్పిన సలహా మాత్రం మరిచిపో. "ఏడేళ్లు దాటితే క్రెడిట్ రిపోర్టులోంచి పోతుంది, బ్యాంకువాళ్లు ఛార్జ్ ఆఫ్ చేశారు కాబట్టి తీరిపోయినట్టే" అన్నాడట. ఛార్జ్ ఆఫ్ అంటే బ్యాంకు తన పుస్తకాల్లో నష్టం కింద రాసుకుంది, అంతే. నువ్వు తీర్చినట్టు కాదు. పైగా గడిచిన ఏడేళ్లలో 120 రోజులు దాటి కట్టకుండా ఉన్న బాకీ ఏదైనా రాయమని ఫారమే అడుగుతుంది. క్లియరెన్స్ వాళ్లు నీ క్రెడిట్ రిపోర్టు, అంటే నీ అప్పులు, చెల్లింపుల చిట్టా, తీస్తారు, నువ్వు రాయనిది అందులో కనిపిస్తే అప్పు సమస్య కాస్తా అబద్ధం సమస్య అవుతుంది. అప్పుకైతే ఏదో ఒక సమాధానం ఉంటుంది. తెలిసి తప్పు రాయడం నేరం, ఐదేళ్ల దాకా జైలు ఉంది.

టాక్స్ విషయం కూడా చూసుకో. ఏ సంవత్సరమైనా రిటర్న్ వేయకుండా ఉంటే కార్డుల కన్నా అదే ముందు. ఐఆర్‌ఎస్‌కు, అంటే అమెరికా పన్ను శాఖకు, బాకీ ఉంటే వాయిదాలు పెట్టించుకోవచ్చు, ఆ వాయిదాలు తప్పకూడదు. హైదరాబాద్ బ్యాంకులో నీ ఖాతాలన్నీ కలిపి ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటాయా? దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలు ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు, వేశావో లేదో వెతుకు. మనవాళ్లు చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇంకొకటి, నువ్వు సిగ్గుపడుతూ చెప్పినది. నాన్న ఆపరేషన్‌కు మీ పెదనాన్న దగ్గర రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు తెచ్చి ప్రోనోటు రాశావు. అది అమెరికాలో ఏ రిపోర్టులోనూ కనబడదు కాబట్టి చెప్పక్కర్లేదు అనుకుంటున్నావు. అక్కడే పొరపాటు. ఇండియాలో ఉన్న మనిషికి నువ్వు బాకీ ఉన్నావంటే వాళ్ల లెక్కలో అది విదేశీ సంబంధం కూడా. మమకారమో మొహమాటమో బాకీయో, ఏదో ఒక ముడి ఉన్న విదేశీయుల పేర్లు ఇంకో సెక్షన్‌లో అడుగుతారు. పెదనాన్న పేరు అక్కడ రాయి. అమ్మానాన్నలకు పంపే డబ్బు గురించి కూడా ప్రశ్న ఉంది, అదీ రాయి. ప్రోనోటు ఫోటో, నువ్వు పంపిన వడ్డీల లెక్క పెదనాన్న చేత వాట్సాప్‌లో పెట్టించుకో. ఆయన "మన మధ్య కాగితాలేంటమ్మా" అని నొచ్చుకుంటాడు. నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

ఇప్పుడున్న ఉద్యోగానికి మాత్రం రాజీనామా ఇవ్వకు, క్లియరెన్స్ రావడానికి నెలలు పట్టొచ్చు.

ఆదివారం పొద్దున్నే వచ్చేయండి ఇద్దరూ. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఈ మూడు సంస్థల క్రెడిట్ రిపోర్టులూ ఫ్రీగానే వస్తాయి, ప్రింట్ తీసుకురా. మా ప్రింటర్లో ఇంక్ లేదు. ముందు చిన్న బిల్లుల దగ్గర మొదలుపెడదాం.

మావయ్య