రైతుబంధు డబ్బులు రైతులకు నిజంగా పనికొచ్చాయా?

పట్టా ఉన్నవాళ్లకు పనికొచ్చాయి. మీరు రైతు గురించి అడిగారు కాబట్టి మా బాపు సంగతి చెప్తాను.

కరీంనగర్ వైపు మాకు సొంతంగా ఎకరంన్నర ఉంది. ఇంకో 5 ఎకరాలు కౌలుకు పట్టి వరి, పత్తి పెట్టేవాడు. 2018లో హుజూరాబాద్‌లో పథకం మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 ఇచ్చారు, మరుసటి ఏడు 5,000 చేశారు. మా ఎకరంన్నర డబ్బులు మాకూ పడ్డాయి, అబద్ధమెందుకు. కౌలు భూమివి మాత్రం హైదరాబాద్‌లో ఉండే భూమి యజమాని పటేల్ ఖాతాలోకి పోయేవి.

ఒకసారి పత్తి ఏరే టైమ్‌కు వానలు పట్టుకుని పత్తంతా నల్లబడింది. పటేల్ పెళ్లికని ఊరికొస్తే, కౌలు కట్టడానికి బాపుతో నేనూ వెళ్లాను. అరుగు మీద నోట్లు లెక్కపెడుతుండగా ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అద్దాలు పైకి నెట్టి, ఫోన్ దూరంగా పట్టుకుని చదివి, "ఇరవై అయిదు వేలు పడ్డయ్" అన్నాడు, మాకేదో శుభవార్త చెప్తున్నట్టు.

బాపు నసుగుతూ, "పటేలా, దాంట్లకెళ్లి ఎకరానికి వెయ్యన్న తగ్గియ్యరాదు" అన్నాడు.

ఆయనకు కోపం రాలేదు. మాకు చాయ్ కూడా తెప్పించాడు. "అవి భూమికి సర్కారిచ్చే పైసలు, పంటకు కాదు" అన్నాడు. రూల్ ప్రకారం ఆయన మాటే కరెక్ట్. నా కడుపుమంట అదే.

మరుసటి ఏడు కౌలు పెంచాడు. ఎందుకు పెంచడు? బీడు పెట్టుకున్నా ఏటా ఎకరానికి 10,000 వస్తుంటే, దున్నేవాడి అవసరం ఆయనకేముంది? ఊళ్లల్లో కౌళ్లు పెరగడానికి సగం కారణం ఈ పథకమే అంటాను, ఎవరేమనుకున్నా సరే.

ఇదొక్కటేనా? పత్తి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే పాస్‌బుక్ అడుగుతారు. లేకపోతే దళారీ చెప్పిందే రేటు. రైతుబీమా 5 లక్షలు కూడా పట్టాదారుకే. ఎండలో మందు కొట్టి కిందపడేది ఎవరో మరి! ఆంధ్రాలో 2019 చట్టంతో కౌలుదారుకు 11 నెలల కార్డు ఇస్తామన్నారు, దానికీ యజమాని సంతకం కావాలి. ఏ పటేల్ పెడతాడండీ? మా తెలంగాణలో 2023 ఎన్నికల్లో కౌలు రైతులకూ ఎకరానికి ఏడాదికి 15,000 అన్నారు. 2025 జనవరిలో రైతుబంధు బదులు రైతుభరోసా వచ్చింది, ఎకరానికి ఏడాదికి 12,000. మళ్లీ పట్టాదారుకే.

సాగు ఎవరు చేస్తున్నారో కనిపెట్టడం కష్టమట. ప్రతి సీజన్‌లో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) ఏ సర్వే నంబర్‌లో ఏ పంట ఉందో రాసుకుపోతూనే ఉన్నారు కదా. అప్పుడు గట్టు మీద నిలబడి వాళ్లకు వివరాలు చెప్పేది మా బాపే. పంట పేరు పక్కన ఆయన పేరు కూడా రాసుకుంటే సరిపోయేది.