రేఖలు కలుస్తాయో లేదో ముందే తేల్చుకో

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

రేఖీయ సమీకరణాల జత కనబడగానే తొలగింపు పద్ధతి (ఎక్స్, వైలలో ఒకదాన్ని పోగొట్టి రెండోది కనుక్కోవడం) మొదలుపెట్టకు తల్లీ. ముందు రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చుకో: ఎక్స్, వై పదాలు ఎడమవైపు, స్థిరపదం, అంటే ఉత్త సంఖ్య, కుడివైపు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. 2ఎక్స్ + 3వై − 6 = 0, 4ఎక్స్ + 6వై = 12 అని ఇచ్చారనుకో. ఉన్నదున్నట్టు తీసుకుంటే స్థిరపదాల నిష్పత్తి −1/2, గుణకాలది, అంటే ఎక్స్, వై ముందున్న సంఖ్యలది, 1/2. వెంటనే సమాంతర రేఖలని రాసేస్తావు. సరిచేసి చూస్తే రెండూ ఒకే రేఖ.

ఎక్స్ గుణకాల నిష్పత్తి, వై గుణకాల నిష్పత్తి వేరైతే ఒక్కటే సాధన, అంటే రెండు సమీకరణాలకూ సరిపోయే ఎక్స్, వై విలువల జత ఒక్కటే. ఆ రెండూ సమానమై స్థిరపదాలది వేరైతే సమాంతర రేఖలు, సాధన లేదు. మూడూ సమానమైతే అనంత సాధనలు. ఎక్స్ = 3, ఎక్స్ = 5 లాంటి జతలో వై గుణకాలు సున్నాలు కాబట్టి నిష్పత్తి కుదరదు; రెండూ నిలువు గీతలు, సమాంతరాలేనని నేరుగా రాయి.

ఇక తొలగింపు. 2ఎక్స్ + 3వై = 6, 4ఎక్స్ + 6వై = 18 తీసుకో. మొదటిదాన్ని 2తో గుణించి, రెండోదానిలోంచి తీసేస్తే 0 = 6 మిగులుతుంది. ఎక్కడో తప్పు చేశానని మొత్తం కొట్టేసేవాళ్లే ఎక్కువ. కొట్టెయ్యకు, జవాబు అదే. “0 = 6 అసత్యం, కాబట్టి సాధన లేదు, ఇది అసంగత జత” అని రాయి. 0 = 0 వస్తే మాత్రం “ఏ విలువైనా సాధనే” అనకు. 2ఎక్స్ + 3వై = 6లో (1, 1) పెడితే 5 వస్తుంది, అది సాధన కాదు. ఆ రేఖ మీది బిందువులే సాధనలు.

గ్రాఫులో ఒక్కో రేఖకు మూడు బిందువులు తీసుకో. గీతకు రెండు చాలు, మూడోది తప్పు పట్టిస్తుంది. అయినా కంటిని నమ్మకు. 10ఎక్స్ + 11వై = 110, 11ఎక్స్ + 12వై = 130 గీసి చూడు, అచ్చం సమాంతర రేఖల్లాగే కనిపిస్తాయి. గుణకాలను అడ్డగుణకారం చెయ్యి: 10 × 12 = 120, 11 × 11 = 121. సమానం కావు. అవి (110, −90) దగ్గర కలుస్తాయి, నీ గ్రాఫు కాగితం అంతదూరం పోదు.

కె విలువ అడిగే లెక్కల్లో ఇంకో ఉచ్చు ఉంది. కెఎక్స్ + 2వై = 4, 8ఎక్స్ + కెవై = 8 జతకు సాధన లేకుండా కె కనుక్కోమంటే, కె వర్గం 16 వస్తుంది. ±4 అని వదిలేస్తే సగం తప్పు. 4 పెడితే మూడు నిష్పత్తులూ 1/2, అంటే అనంత సాధనలు. −4 పెడితే మొదటి రెండూ −1/2, స్థిరపదాలది 1/2. జవాబు −4 ఒక్కటే. రెండు విలువలనూ మూడో నిష్పత్తితో పోల్చి చూపించు, ఆ మెట్టుకీ మార్కులుంటాయి.

మీ తాతయ్య